మహాకాయులకు కొత్త రూపాలు: ఘటోత్కచుడు, గాడ్జిల్లా

ఒక పాత చిత్రాన్ని మళ్ళీ తీస్తున్నారనగానే దాని అభిమానులలో రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి. తమకు ప్రియమైనది నేటి పిల్లలకు కూడా దక్కుతుందన్న ఆశ ఒకటి. దక్కేది అదేనా అన్న అనుమానం మరొకటి. ఆ చిత్రంలో ఒక మహాకాయుడు ఉన్నట్లయితే అనుమానం ఇబ్బడిముబ్బడి అవుతుంది. ఎందుకనగా మహాకాయుడు లోకంలో లేనివాడు. నటుడు, నమూనా, కెమేరా కలిసి కల్పించినవాడు. ఆ మూడింటిలో ఏది మార్చినా అతడు వేరొకడై పోవచ్చును. ఈ భయం కేవలం పాతదానిమీది మమకారమేనా, లేక కొలిచి చూపదగిన ఆధారం దీనికేమైనా ఉన్నదా? తెలుగువారి ఘటోత్కచునికి, జపాను వారి గాడ్జిల్లాకు జరిగిన కొత్త సింగారాలను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

విజయా సంస్థ వారి 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలయింది. కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు. గాలిలో తేలివచ్చి ఆయన నోటిలో పడే లడ్లను తలచుకోని తెలుగు ఇల్లు ఉండదు. ఆ చిత్రంలో మాయ అంతా తంత్రాలతో సాధించినదే గాని, ఎంతో ఓర్పుతో సాధించినది. కళాదర్శకులు గోఖలే, కళాధర్ మద్రాసులోని వాహినీ స్టూడియోలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల చోట 300 బొమ్మ ఇళ్ళు నిలిపి, వాటిలో దీపాలు పెట్టి, ద్వారకా నగరమని చూపించారు. చూసినవారు ద్వారక అనే అనుకున్నారు.

2010 జనవరి 30న ఈ చిత్రమే రంగులు దిద్దుకొని మళ్ళీ థియేటర్లకు వచ్చింది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ అనే సంస్థ కంప్యూటర్ల సహాయంతో ఈ పని చేయించింది. నలుపు తెలుపు బొమ్మ అనగానే మొగం తిప్పుకునే పిల్లలు కూడా ఇప్పుడు చూస్తారని పెద్దలు ఆశించారు. ఆ ఆశ చాలవరకు ఫలించింది. ఇక భయపడినవారు ఏమి చూసి భయపడ్డారు? బార్ట్లే వెన్నెల చెడిపోతుందని. ఇది రుచికి సంబంధించిన మాటగా కనిపిస్తుంది గాని, దీని వెనుక గట్టి భౌతికశాస్త్ర విషయం ఒకటి ఉన్నది.

రంగుల బొమ్మలో ప్రతి బిందువుకు మూడు సంఖ్యలు కావాలి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. నలుపు తెలుపు ఫిల్ము ఈ మూడింటిని కలిపి ఒకే ఒక సంఖ్యగా, అనగా వెలుగుగా మాత్రమే, నమోదు చేస్తుంది. మూడు అవ్యక్తరాశులు, ఒకే సమీకరణం. దీనికి పరిష్కారాలు అనంతమని తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు. గుంటూరు చేలో పండిన మిరపకాయను, పక్కనే ఉన్న ఆకును నలుపు తెలుపు ఫిల్ముమీద తీస్తే రెండూ దాదాపు ఒకే బూడిదరంగులో పడవచ్చును. కాబట్టి ఘటోత్కచుడు ధరించిన వస్త్రం రంగు ఏమిటో ఆ నెగెటివులో లేదు. ఎంత గొప్ప కంప్యూటరైనా దానిని అందులోనుంచి బయటికి తీయలేదు. పైనుంచి ఎవరో ఒకరు నిర్ణయించి వేయవలసిందే. నిర్ణయం మంచిదే కావచ్చు. కాని దానిని పునరుద్ధరణ అనటం సరికాదు; అది కొత్త రచన. నెగెటివుమీది గీతలను, మచ్చలను తుడవటం వేరు, ఇది వేరు.

రెండవ మార్పును గమనించినవారు తక్కువ. పాత చిత్రం తెర వెడల్పు దాని ఎత్తుకు సుమారు 1.37 రెట్లు. రంగుల ప్రతిని సినిమాస్కోపుకు, అనగా సుమారు 2.35 రెట్ల వెడల్పుకు మార్చారు. పాత బొమ్మను వెడల్పుకు సరిపోయేటట్లు పెంచి, మిగిలినది ఊరికే కత్తిరిస్తే ఎత్తులో 42 శాతం పోతుంది. తలలు, పాదాలు తెగకుండా చూడటం ఆ పనివారికి పెద్ద శ్రమ అయింది. ఒక మహాకాయుని కథలో ఎత్తునే తగ్గించుకొని వెడల్పును కొనుక్కోవటం చిత్రమైన బేరం! సభాదృశ్యాలకు వెడల్పు కలిసివస్తుంది గాని, గద ఎత్తి నిలబడిన ఘటోత్కచునికి కాదు.

అయినా ఈ మార్పుల తరువాత కూడా ఘటోత్కచుడు ఘటోత్కచుడుగానే మిగిలాడు. ఆ నడక, ఆ కన్నెర్ర, ఆ నవ్వు రంగారావుగారివే గదా. పైగా పాత ప్రతి ఎక్కడికీ పోలేదు. కావలసినవారు దానినే చూసుకోవచ్చును. 1995లో ఎస్.వి. కృష్ణారెడ్డి 'ఘటోత్కచుడు' తీసి కైకాల సత్యనారాయణను ఆ వేషంలో నేటి కాలానికి తెచ్చినప్పుడు కూడా ఎవరూ దానిని 'మాయాబజార్'కు బదులుగా భావించలేదు. అసలైన పరీక్ష మహాకాయుని ఒంటినే పడగొట్టి మళ్ళీ కట్టినప్పుడు వస్తుంది. ఆ పరీక్షకు మాటిమాటికి గురి అయినది గాడ్జిల్లా.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవిలో అమెరికా ఒక హైడ్రోజను బాంబును పేల్చింది. దాని శక్తి 15 మెగాటన్నులు. హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. ఆ బూడిద దూరాన చేపలు పడుతున్న ఒక జపాను పడవమీద, అందులోని 23 మందిమీద రాలింది. వారిలో రేడియో పనిచేసే అతను సెప్టెంబరు 23న మరణించాడు. ఆ సంవత్సరమే నవంబరు 3న తోహో సంస్థ వారి 'గొజీరా' విడుదలయింది. గొరిల్లా, తిమింగిలం అనే అర్థాలిచ్చే రెండు జపాను మాటలను అతికించి చేసిన పేరది. ఇషిరో హోండా దర్శకుడు. బాంబు పరీక్షలు కదిలించిన ఒక పురాతన సముద్రజంతువు టోకియోను కాల్చివేయటం కథ. చూసిన జనం ఏమి తలచుకొని ఉంటారో వేరే చెప్పనక్కరలేదు. టోకియోమీద బాంబులు కురిసి అప్పటికి తొమ్మిదేళ్ళే.

ఆ జంతువును కల్పించిన తంత్రజ్ఞుడు ఎయిజి త్సుబురాయా. కొలతలు ఇవి: జంతువు ఎత్తు 50 మీటర్లు. దానిని వేసినది రబ్బరు తొడుగు ధరించిన హరువో నకజిమా అనే నటుడు. తొడుగుతో సహా సుమారు 2 మీటర్లు. కనుక నగరాన్ని 25వ వంతు కొలతలో కట్టారు. మొదటి తొడుగు సుమారు 100 కిలోల బరువు ఉండి, నటుడు నాలుగడుగులు వేయటమే కష్టమయిందట.

కొలత సరిపోతే చాలదు; కాలం కూడా సరిపోవాలి. 50 మీటర్ల ఎత్తునుంచి రాయి పడితే నేలను చేరటానికి సుమారు 3.2 సెకండ్లు పడుతుంది. 2 మీటర్ల ఎత్తునుంచి అయితే 0.64 సెకండు మాత్రమే. ఎత్తు 25వ వంతైతే కాలం ఐదవ వంతవుతుంది. వర్గమూలం లెక్క అది. కనుక బొమ్మ మేడ కూలటాన్ని మామూలుగా సెకండుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే, చూసేవాడికి లెక్క తెలియకపోయినా అట్టముక్క అని తెలిసిపోతుంది. ఐదు రెట్ల వేగంతో, అనగా సెకండుకు 120 ఫ్రేములు తీసి, 24 చొప్పున చూపిస్తేనే 50 మీటర్ల మేడ కూలినట్లు ఉంటుంది. నడక కూడా ఇంతే. కాలు ఒక లోలకం వంటిది. మనిషి అర సెకండుకు ఒక అడుగు వేస్తే, అతనికి 25 రెట్లున్న జంతువు రెండున్నర సెకండ్లకు ఒకటి వేయాలి. త్సుబురాయా బృందం కెమేరాను వేగంగా నడిపి ఈ బరువును సాధించింది. అకిరా ఇఫుకుబే కూర్చిన అరుపులో కూడా ఇదే సూత్రం: బంక పూసిన తోలు చేతిజోడుతో డబుల్ బాస్ అనే పెద్ద తంత్రీవాద్యపు తీగెను రుద్ది, ఆ ధ్వనిని నెమ్మదిగా వినిపించారు. వేగం సగమైతే స్వరం ఒక స్థాయి దిగుతుంది; పెద్ద గొంతు అనిపిస్తుంది.

ఇంత శ్రద్ధ పెట్టినా ఆ జంతువు అసంభవమే. గలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలోనే ఈ సంగతి తేల్చాడు. ఆకారాన్ని 25 రెట్లు పెంచితే బరువు 15,625 రెట్లు పెరుగుతుంది. ఎముక అడ్డుకోత వైశాల్యం 625 రెట్లే పెరుగుతుంది. ప్రతి చదరపు సెంటీమీటరుమీద భారం 25 రెట్లు. మనిషి తొడ ఎముక అతని బరువుకు పది రెట్లు పడితే విరుగుతుందని జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో రాశాడు. ('మాయాబజార్' వచ్చిన 1957లోనే ఆయన భారతదేశంలో స్థిరపడటానికి వచ్చాడు, ఆ చిత్రం చూశాడో లేదో గాని, చూస్తే ఘటోత్కచుని కాళ్ళవంక జాలిగా చూసి ఉండేవాడు.) ఇక 1954 నాటి గాడ్జిల్లా బరువు 20,000 టన్నులని నిర్మాతలు ప్రకటించారు. నటుడు, తొడుగు కలిసి ఒక ఘనమీటరులో మూడవ వంతు చోటును ఆక్రమించినా, జంతువు ఘనపరిమాణం సుమారు 5,200 ఘనమీటర్లు. అంటే సాంద్రత నీటికి దాదాపు నాలుగు రెట్లు, గ్రానైటు రాయికంటె ఎక్కువ. సముద్రంలో ఈదవలసినది రాయివలె మునగాలి!

డెబ్బై ఏళ్ళుగా అభిమానులు ఈ తప్పులన్నీ ఎరిగే క్షమించారు. అట్లా క్షమించినవారు కొన్ని కొత్త చిత్రాలను మాత్రం ఎందుకు క్షమించలేదు? చూడవలసినది ఇక్కడ. మహాకాయుడు ఉన్నాడనే మొదటి అబద్ధాన్ని ప్రేక్షకుడు ఇష్టపడి ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న తరువాత కథ తన కొలతలకు, తన కారణానికి తానే కట్టుబడి ఉండాలని కోరుతాడు. ఆ కోరిక న్యాయమైనది.

కొలతల సంగతి చూద్దాం. 1954లో టోకియో భవనాలకు 31 మీటర్ల ఎత్తు పరిమితి ఉండేది. 50 మీటర్ల జంతువు వాటిమీద తల ఎత్తి నిలబడింది. తరువాత ఆకాశహర్మ్యాలు లేచాయి. 1984 చిత్రంలో గాడ్జిల్లా 80 మీటర్లయింది. 2014 నాటి అమెరికా చిత్రంలో సుమారు 108 మీటర్లు. 2016 జపాను చిత్రంలో 118.5, 2017 నాటి యానిమేషన్ చిత్రంలో 300 మీటర్లు! చుట్టూ ఇళ్ళు పెరిగినప్పుడు జంతువు పెరగటం సబబే, పరిమాణం అనేది పోలికే గనుక. కాని ఆ తరువాత పెరిగినదంతా ప్రకటనల కోసమే.

మీటర్లు పెంచితే భయం పెరుగుతుందా? తాడేపల్లి విద్యార్థులకు దీనిని పరీక్షించటం సులభం. అక్కడినుంచి విజయవాడవరకు కృష్ణమీద ఉన్న ప్రకాశం బ్యారేజి పొడవు సుమారు 1,223 మీటర్లు. అవతలి ఒడ్డున 50 మీటర్ల గాడ్జిల్లా నిలబడినట్లు ఊహించుకోండి. ఇవతలి ఒడ్డునుంచి చూసేవారి కంటికి అది చేసే కోణం 2.3 డిగ్రీలు. చేయి చాచి బొటనవేలిని అడ్డంగా పట్టుకుంటే దాని వెడల్పు చేసే కోణం సుమారు 2 డిగ్రీలు. అంటే అంత జంతువు ఒక వేలి వెనుక దాదాపు దాగిపోతుంది. 108 మీటర్లదైతే రెండున్నర వేళ్ళు. అదే 50 మీటర్ల జంతువుకు 50 మీటర్ల దూరంలో నిలబడితే మెడ 45 డిగ్రీలు ఎత్తవలసి వస్తుంది. కనుక భయం జంతువు ఎత్తులో లేదు. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దానిలో ఉన్నది. తాడేపల్లి పక్కనే ఉండవల్లి గుహలో శయనించి ఉన్న విష్ణుమూర్తి కూడా ఏకశిలపై కొన్ని మీటర్ల విగ్రహమే. ఆ ఇరుకులో, ఆ మసకవెలుతురులో పాదాలనుంచి శిరస్సుకు నడిచిపోతే తప్ప చూపు ఆననివ్వకుండా చేసిన శిల్పికి ఈ రహస్యం తెలుసు. 1954 చిత్రంలో జంతువు మొదటిసారి కొండచరియ వెనుకనుంచి తల మాత్రమే చూపుతుంది. కింద ఊరివారు పరుగెత్తుతుంటారు. నేటి చిత్రాలలో కెమేరా పక్షివలె జంతువు ముఖం ఎదుటనే ఎగురుతుంది. అక్కడ ఎంత పెద్ద జంతువైనా మన ఎత్తువాడే.

తెలుగులోకి కూడా అనువదించి 2024 మార్చిలో విడుదల చేసిన 'గాడ్జిల్లా ఎక్స్ కాంగ్'లో ఈ లోపం కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. నూరు మీటర్ల జంతువు పందెపు గుర్రంవలె పరుగు తీస్తుంది. కంప్యూటరు చర్మంమీది ప్రతి పొలుసును గీయగలిగింది గాని, రబ్బరు తొడుగు ఇచ్చిన బరువును ఇవ్వలేకపోయింది. కంప్యూటరును నిందించటం అన్యాయమే. వర్గమూలాన్ని దానికి చెప్పవలసినవారు చెప్పలేదు. పిల్లలు ఈలలు వేసి చూశారు, నిజమే. సర్కసును చూసినా వేస్తారు.

కొలత తప్పితే బొమ్మ తేలిపోతుంది. కారణం తప్పితే కథే తిరగబడుతుంది. 1998లో రోలండ్ ఎమ్మెరిక్ అమెరికాలో తీసిన చిత్రంలో గాడ్జిల్లా ఒక పెరిగిన సముద్రపు ఉడుము. న్యూయార్కు వీధులలో హెలికాప్టర్లకు జడిసి పారిపోతుంది. దానిని పుట్టించిన బాంబులు ఫ్రాన్సువారివి! 2014 చిత్రంలో బికినీ పేలుళ్ళు పరీక్షలే కావు, ఆ జంతువును చంపటానికి చేసిన ప్రయత్నాలని చెప్పారు. అంటే బూడిద రాల్చినవారు కాపాడినవారయ్యారు. ఆ పడవలోని 23 మందిని ఎరిగినవారికి ఇది సరిపడే మాట కాదు. జపానువారు కోపాన్ని తమ పద్ధతిలో తీర్చుకున్నారు: 2004 నాటి 'ఫైనల్ వార్స్'లో 1998 జంతువును సిడ్నీకి రప్పించి, తమ గాడ్జిల్లాచేత కొద్ది సెకండ్లలో మట్టి కరిపించారు. విమర్శ ఇంత క్లుప్తంగా రాయటం ఏ విమర్శకునికీ సాధ్యం కాదు.

అభిమానుల ఆశలు ఫలించిన సందర్భాలు కూడా ఉన్నవి. 2016 నాటి 'షిన్ గాడ్జిల్లా' 2011 మార్చి 11 భూకంపాన్ని, ఫుకుషిమా ప్రమాదాన్ని తలపించి, జంతువును దాని మూలకారణం దగ్గరికి తెచ్చింది. 2023లో తకషి యమజాకి తీసిన 'గాడ్జిల్లా మైనస్ వన్' ఇంకా వెనక్కు, యుద్ధం ముగిసిన కాలానికే పోయింది. జంతువు ఎత్తు మళ్ళీ 50.1 మీటర్లు! 35 మంది కూర్చుని 610 తంత్రదృశ్యాలు చేశారు. 2024 మార్చిలో ఆస్కారు బహుమానం వచ్చింది. ఈ చిత్రంలో కూడా శాస్త్రదోషం లేకపోలేదు. జంతువు చుట్టూ సముద్రంలో ఫ్రియాన్ వాయువు బుడగలు పుట్టించి, నీటి సాంద్రత తగ్గించి, 25 సెకండ్లలో 1,500 మీటర్ల లోతుకు ముంచటం అందులోని పథకం. బుడగలతో తేలుడు తగ్గుతుందన్నది సరైన సూత్రమే. కాని గాలి అడ్డు లేకుండా రాయి పడినా 1,500 మీటర్లకు 17.5 సెకండ్లు పడుతుంది. నీటిలో 25 అంటే ఉదారమైన లెక్క. పైగా శీతలయంత్రాలలో వాడిన ఫ్రియాన్-12 వంటిదైతే సుమారు 50 మీటర్ల లోతు పీడనానికే ద్రవమైపోతుంది, బుడగలు మాయమవుతాయి. తరగతిలో ఈ లెక్క చేయించవచ్చును, మంచి లెక్క. అయితే చిత్రం చూస్తున్నంతసేపు ఈ సందేహం బాధించదు. ఓడలమీద ఉన్నవారు ఎవరో, ఎందుకు వచ్చారో, జంతువుకు ఎంత దూరంలో ఉన్నారో ప్రేక్షకునికి క్షణక్షణం తెలుస్తూ ఉంటుంది గనుక. తరువాతి గాడ్జిల్లా చిత్రాన్ని కూడా యమజాకియే తీస్తాడని తోహో 2024 నవంబరులో ప్రకటించినప్పుడు అభిమానులు సంతోషించింది ఇందుకే.

తెలుగులో ఘటోత్కచుని కంప్యూటరు సహాయంతో మళ్ళీ తీయదలచినవారు ఎవరైనా ఉంటే వారికి 'మాయాబజార్' ముట్టని ఘట్టం ఒకటి భారతంలో మిగిలి ఉన్నది. శశిరేఖా పరిణయంతో ఆ చిత్రం ముగుస్తుంది, ద్రోణపర్వందాకా పోదు. అక్కడ కర్ణుడు ప్రయోగించిన శక్తి తగిలి చనిపోతూ ఘటోత్కచుడు తన ఒడలిని పెంచి కౌరవసేనమీద పడతాడు. ఒక అక్షౌహిణి నలిగిపోతుంది. బరువు ఘనంగా పెరుగుతుందని గలీలియోకంటె ముందే ఎరిగిన కవి ఎవరో గాని! నూరు మీటర్ల ఎత్తునుంచి పడితే నేలను చేరటానికి నాలుగున్నర సెకండ్లు. ఆ నాలుగున్నర సెకండ్లు కెమేరా ఎక్కడ నిలబడుతుందో తీసేవారు నిర్ణయించుకోవాలి: ఆకాశంలోనా, కింద తల ఎత్తి చూస్తున్న కౌరవ సైనికుని పక్కనా, లేక దూరాన, కొడుకు పడిపోవటాన్ని చూస్తున్న భీముని పక్కనా.